వేసవి చివరి తోటలో ముందు ఆకు, తర్వాత పువ్వు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక అనుబంధంలో ఇంటితోటల పెంపకం మీద ఇటీవల వచ్చిన వ్యాసం, వేసవి ముగిసే వేళకు కళ తప్పిన పూలమొక్కలను పీకేసి, వాటి చోట అప్పటికే విరగబూసి ఉన్న కొత్త కుండీలను తెచ్చి పెట్టుకోమని సలహా ఇచ్చింది. దాని పక్కనే, ఏ నెలలో ఏ పూలు నాటాలో చెప్పే పట్టిక ఒకటి అచ్చయింది. తోటల కోసం మీరు ఒక పుట కేటాయిస్తున్నందుకు సంతోషమే గాని, ఆ సలహా వల్ల తోటకు గాని, తోట పెంచేవారికి గాని మేలు కలగదని నా అభిప్రాయం. వేసవి చివర తోటను నిలబెట్టేది ఆకు. ఆకుమొక్కలతో మడి నిండుగా ఉంటే, ఆ రోజుల్లో పూసే నాలుగు పూలూ నలభై పూల పెట్టుగా కనిపిస్తాయి. పూలను మాత్రమే నమ్ముకొని వేసిన మడి ఎండ ముదిరేసరికి బోసిపోతే, ఆ తప్పు మొక్కలది కాదు, మన ఎంపికది.

పూలు ఎందుకు తగ్గుతాయో ముందుగా చెప్పుకోవాలి. పగలు ఆకు తయారుచేసుకొన్న చక్కెరలలో కొంత భాగం రాత్రి శ్వాసక్రియలో ఖర్చయిపోతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఈ ఖర్చు అంత పెరుగుతుంది. పగలేమో, ఎండ తీవ్రతకు నీరు ఆవిరై పోకుండా మొక్క తన పత్రరంధ్రాలను మూసుకొంటుంది గనుక ఆ మేరకు చక్కెరల తయారీ తగ్గుతుంది. రాబడి పడిపోయి ఖర్చు పెరిగిన సంసారంలో ముందుగా ఆగేవి వేడుకలే. మొక్కకు పువ్వు అటువంటి వేడుక. మొగ్గలు రాలడం, వచ్చిన పువ్వు చిన్నదిగా ఉండటం ఇందువల్లనే. రంగు వెలవెలబోవడానికి మరో కారణం కూడా ఉంది. గులాబీ, చామంతి వంటి వాటికి ఎరుపు ఛాయలనిచ్చే ఆంథోసయనిన్లు అధిక ఉష్ణోగ్రతలో తక్కువగా తయారవుతాయి. అందుకే చల్లని రోజుల్లో ముదురు రంగు పూలు పూసిన మొక్కే వేడి రోజుల్లో పాలిపోయిన పూలు పూస్తుంది. అటువంటి మొక్కను పీకేసి, నీడపందిరి కింద సమయానికి నీరూ ఎరువూ అందుకొంటూ పెరిగిన కొత్త మొక్కను అదే ఎండలో పెడితే, కొద్ది రోజుల్లో దానికీ అదే గతి పడుతుంది. పాత మొక్కకు కనీసం లోతుగా దిగిన వేళ్లయినా ఉన్నాయి, కొత్తదానికి అవీ లేవు.

పాత మొక్కకు కావలసింది కత్తెర. బంతి, జిన్నియా, కాస్మాస్ వంటి ఏకవార్షికాల, అంటే ఒక్క ఏడాదిలోనే పుట్టి పూసి ముగిసిపోయే మొక్కల, జీవితమంతా గింజ కట్టడం కోసమే సాగుతుంది. పువ్వు వాడి గింజ ముదిరే కొద్దీ మొక్క తన శక్తిని అటు మళ్లించి కొత్త మొగ్గలు వేయడం తగ్గిస్తుంది. కనుక వాడిన పువ్వును గింజ గట్టిపడక ముందే తీసేయాలి. అదీ రేకలను మాత్రమే గిల్లి వదిలేయకుండా, కింద కనిపించే మొదటి మంచి ఆకుల జత వరకు కాడతో సహా కత్తిరించాలి. అప్పుడు ఆ ఆకుల మొదళ్ల నుంచి రెండు కొత్త కొమ్మలు లేచి, రెండింటికీ మొగ్గలు వస్తాయి. పిటూనియా వంటివి కాడలు సాగి మొదళ్ల దగ్గర బోడిగా తయారైతే కాడల పొడవులో మూడో వంతు మేర కోసేయవచ్చు. మొక్కనంతా ఒక్కసారిగా కోయడానికి మనసొప్పని వారు సగం కొమ్మలను ఒక వారం, మిగిలిన సగాన్ని మరో వారం కోసుకోవచ్చు. బిళ్ళగన్నేరుకు ఈ సేవ అక్కరలేదు, వాడిన పూలను అదే రాల్చుకొంటుంది. బొగడబంతి పువ్వయితే కాడ మీదే ఎండి కూడా చాలా కాలం రంగు కోల్పోదు. కత్తిరించిన వెంటనే పొడిమట్టిలో రసాయన ఎరువు వేయడం మాత్రం మానుకోవాలి. తడి లేని మట్టిలో ఎరువు లవణాలు వేళ్లను మాడ్చేస్తాయి; నత్రజని మోతాదు మించితే మొక్క ఏపుగా ఆకులు వేస్తుంది గాని పూయదు.

ఇక ఆకుమొక్కల సంగతి. మీ వ్యాసంలో వాటికి దక్కినది ఒకే ఒక్క వాక్యం, అది కూడా 'ఖాళీలు నింపడానికి' అన్న మాటతో. నా లెక్కలో ఖాళీలు నింపవలసినవి పూలు. ఎండ బాగా తగిలే చోట క్రోటన్‌కు మించినది అరుదు. దాని ఆకుల్లోని పసుపు, నారింజ, ఎరుపు రంగులు వెలుతురు పెరిగే కొద్దీ చిక్కబడతాయి; చీకటి మూలలో పెడితే కొత్తగా వచ్చే ఆకులు పచ్చగానే ఉండిపోతాయి. దానికి ఒక పట్టుదల ఉంది: ఒక చోట అలవాటు పడిన మొక్కను ఒక్కసారిగా వేరే వెలుతురులోకి మారిస్తే ఆకులన్నీ రాల్చేస్తుంది. చచ్చిపోయిందని పారేసే ముందు కొమ్మను గోటితో గీరి చూడాలి, లోపల పచ్చగా ఉంటే అది మళ్లీ చిగురిస్తుంది.

కోలియస్ స్వభావం ఇందుకు భిన్నం. చాలా రకాలకు ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ సరిపడతాయి. నడినెత్తి ఎండలో రంగులు వెలిసిపోతాయి, మరీ నీడలో మసకబారుతాయి. నేరుగా ఎండను తట్టుకొనే రకాలను కూడా ఇప్పుడు రూపొందించారు గనుక, కొనేటప్పుడు ఏ రకమో అడిగి తెలుసుకోవడం మంచిది. వేసవి చివరికి కోలియస్ పూలకంకులు వేయడం మొదలుపెడుతుంది. సన్నని నీలి పూలతో ఆ కంకులు చూడటానికి ఫరవాలేదు గాని, వాటిని అలాగే వదిలేస్తే ఆకులు చిన్నబోయి మొక్క సాగిపోతుంది; కనిపించిన వెంటనే చిటికెతో తుంచేస్తే మొక్క గుబురుగా నిలుస్తుంది. తుంచిన కొనలు ఒకటి రెండు వారాల్లో నీటిలోనే వేళ్లు వేస్తాయి గనుక, ఒక్క మొక్క ఉన్నవారికి మడి అంచు నిండా మొక్కలు ఉన్నట్టే లెక్క. నీడ ఎక్కువగా ఉన్న తోటకు కలాడియం ఉంది. దక్షిణ అమెరికా ఉష్ణమండలానికి చెందిన ఈ దుంపమొక్క తడినీ, వేడినీ, చెట్లనీడనూ కోరుకొంటుంది. చలి తగిలినా, నీరు అందకపోయినా ఆకులు వాల్చి దుంపగా నిద్రలోకి పోతుంది. దుంపను కుళ్లనీయకుండా పొడిగా దాచితే తర్వాతి వేడి కాలంలో తిరిగి లేస్తుంది. మీ వ్యాసం పక్కన అచ్చువేసిన ఫోటోలో అదే కలాడియం, కుండీకి చారెడు నీడ కూడా లేని మిట్టమధ్యాహ్నపు ఎండలో కనిపిస్తోంది. ఫోటో తీసే వరకే దాన్ని అక్కడ ఉంచారని అనుకొంటున్నాను.

తెల్లచారల ఆకులున్న రకాలను ఎన్నుకొనేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆ తెల్లని భాగంలో పత్రహరితం ఉండదు. ఆకు ఆహారం తయారుచేసుకొనేది పచ్చని భాగంలోనే. తెల్లని భాగం ఎండకు త్వరగా మాడుతుంది. అందువల్ల ఇటువంటి మొక్కలు నిదానంగా ఎదుగుతాయి, పలచని నీడలో బాగుంటాయి. ఎప్పుడైనా ఒక కొమ్మ పూర్తి పచ్చని ఆకులతో వస్తే దాన్ని మొదలంటా తీసేయాలి. పత్రహరితం నిండుగా ఉండటం వల్ల ఆ కొమ్మ మిగతావాటి కంటే బలంగా పెరిగి, కొంతకాలానికి మొక్కంతా పచ్చగా మారిపోతుంది. వెండిరంగు ఆకుల మొక్కలది మరో దారి. వాటి ఆకుల మీద సన్నని నూగు ఎండను వెనక్కి కొట్టి, నీటి నష్టాన్ని తగ్గిస్తుంది. పొడి వేడిలో ఇవి హాయిగా ఉంటాయి గాని, ఉక్కపోతతో కూడిన తేమలో కుళ్లిపోతాయి.

ఆకుమొక్కలను కూర్చడంలో రంగు కన్నా ఆకు ఆకారం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అన్నీ రంగురంగుల ఆకులే అయితే కంటికి విశ్రాంతి దొరకదు. రాగిరంగు పెద్ద ఆకుల మెట్టతామర వెనుక వరుసలోనూ, సన్నని పోచలతో ఊగే అలంకార గడ్డి మధ్యలోనూ, నేలకు అంటుకొని పాకే ఆల్టర్నాంథెరా అంచులోనూ ఉంటే ఒక్క పువ్వు లేకపోయినా ఆ మడి నిండుగా ఉంటుంది. మెట్టతామరను పొద్దు వాలే దిక్కున నాటి, సాయంత్రపు వెలుగు ఆకు వెనుక నుంచి పడేటట్టు చూసుకొంటే, ఆకు ఈనెలతో సహా ఎర్రగా వెలుగుతుంది. పూలకూ ఆకులకూ మధ్య మనం గీసుకొన్న గీత కూడా అంత గట్టిదేమీ కాదు. కాగితంపూల తీగలో మనం పూలనుకొని మెచ్చుకొనేవి నిజానికి పుచ్ఛాలు, అంటే పువ్వును అంటిపెట్టుకొని ఉండే ప్రత్యేకమైన ఆకులు. అసలు పూలు వాటి నడుమ గొట్టాల్లాగా చిన్నగా ఉంటాయి. బొగడబంతిలో కనిపించే గులాబీ రంగు కూడా పుచ్ఛాలదే. వేడిని ఓర్చుకొని అన్నాళ్లు రంగు నిలుపుకోవడం వీటికి అందుకే చేతనవుతుంది. కాగితంపూలకు నీరు ఎక్కువ పోసే కొద్దీ పచ్చని ఆకులే వస్తాయి, మట్టి కాస్త ఆరనిచ్చి పోస్తేనే రంగు చూపుతుంది.

వేసవి చివర నిజంగా పూసే మొక్కలు లేవని నేను అనడం లేదు. బొగడబంతి, గడ్డి గులాబీ ఉన్నాయి. వేడిలోనూ, పత్రరంధ్రాలు సగం మూసుకొని ఉన్నప్పుడూ సమర్థంగా ఆహారం తయారుచేసుకోగల సీ4 కిరణజన్య సంయోగక్రియ ఈ రెండింటికీ ఉంది. గడ్డి గులాబీ ఎండ లేనిదే విచ్చుకోదు గనుక నీడలో పెట్టి పూయలేదని నిందించడం న్యాయం కాదు. మడగాస్కర్‌కు చెందిన బిళ్ళగన్నేరు ఎండకు జంకదు, నీరు నిలిచిన మట్టిలో మాత్రం వేరు కుళ్లి చస్తుంది. పగలంతా బయట ఉండి సాయంత్రానికి ఇల్లు చేరేవారు చంద్రకాంతను నాటుకోవడం మేలు. పొద్దు వాలుతుండగా విచ్చుకొని, రాత్రంతా సువాసన వెదజల్లుతుంది.

మీ నెలల పట్టిక మీద నాకున్న ఆక్షేపణ ఇక్కడే మొదలవుతుంది. బంతి, జిన్నియా, కాస్మాస్, డాలియా అన్నీ మెక్సికో, దాని పరిసర దేశాల నుంచి ప్రపంచమంతా పాకిన మొక్కలు. అక్కడ వర్షాలు సంవత్సరం మధ్యలో మొదలై, పగటి వేళ తగ్గుతూ వచ్చే కాలం దాకా కురుస్తాయి. వానల్లో పెరిగి, పగళ్లు కురచ అయ్యే వేళకు పూసి, గింజలు కట్టడం ఆ మొక్కలకు అక్కడి జీవితం నేర్పిన క్రమం. మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయన్న సంగతిని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ 1920లో పొగాకు, సోయా మొక్కల మీద చేసిన పరిశోధనలతో ప్రకటించారు. మొక్క నిజానికి కొలిచేది ఎడతెగని చీకటి ఎంతసేపు ఉన్నదన్న సంగతిని అని తర్వాత తేలింది. ఆ కొలత ఆకులోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ద్వారా జరుగుతుంది. చామంతి ఇందుకు చక్కని ఉదాహరణ. రాత్రి నిడివి చాలినంత పెరగనిదే అది మొగ్గ తొడగదు. వాణిజ్యపరంగా పెంచేవారు సాయంత్రాలు నల్లని గుడ్డ కప్పి దానిని ముందుగా పూయిస్తారు, అర్ధరాత్రి దీపాలు వేసి ఆలస్యంగానూ పూయిస్తారు. ఇంటి ముందు వీధిదీపం కింద, లేక రాత్రంతా వెలిగే వరండా బల్బు పక్కన ఉంచిన చామంతి కుండీ ఏపుగా ఉండి కూడా పూయకపోతే, ఎరువు మార్చడం కంటే కుండీని చీకటి ఉన్న చోటికి మార్చడం ఫలిస్తుంది.

ఇప్పుడు ఆ పట్టికను చూడండి. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర అత్యంత పొడవైన పగలు 16 గంటలు దాటుతుంది, అతి చిన్న పగలు 8 గంటలే ఉంటుంది. 15 డిగ్రీల దగ్గర ఆ తేడా సుమారు 13 గంటలకూ 11 గంటలకూ మధ్య మాత్రమే. మొదటి చోట వేసవి చివర అంటే పగళ్లు వేగంగా తగ్గుతున్న కాలం. ఉష్ణమండలంలో వానలకు ముందు వచ్చే వేసవి చివర చాలా చోట్ల పగళ్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. దక్షిణార్ధగోళంలో నెలలే తలకిందులు. ఒక చోటి తోటమాలి తన అనుభవంతో రాసుకొన్న నెలల పట్టికను ఇంకొక చోట యథాతథంగా అచ్చువేస్తే, దానిని నమ్మి నాటినవారికి కాస్మాస్ తలెత్తు పెరిగి ఆకులతోనే మిగిలిపోవచ్చు, లేదా జానెడు ఎత్తులోనే నాలుగు పూలు పూసి ముగిసిపోవచ్చు. రెండింటికీ విత్తనాన్నే నిందిస్తారు.

నీళ్ల విషయంలో 'మొక్క వాలితే వెంటనే నీరు పోయండి' అన్న వ్యాసకర్త మాట అసంపూర్ణం. మధ్యాహ్నం ఆకు కోల్పోయే నీటి వేగాన్ని వేరు అందుకోలేనప్పుడు, మట్టి తడిగా ఉన్నా మొక్క తల వాలుస్తుంది; సాయంత్రానికి తానే తేరుకొంటుంది. తెల్లవారి చూసేసరికి కూడా వాలి ఉంటేనే అది దాహం, లేదా వేరు కుళ్లు. మట్టిలోకి వేలు గుచ్చి చూస్తే ఏదో తెలిసిపోతుంది. తడిమట్టికి మళ్లీ మళ్లీ నీరు పోస్తే వేళ్లకు గాలి ఆడక, బతికే మొక్క కూడా చస్తుంది. ఉదయం, మొదలు దగ్గర, వేరు దిగినంత లోతుకు ఇంకేటట్టు పోసి, మట్టిపై రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే చాలు. ఆ ఆకులు కాండానికి ఆనకుండా కాస్త ఎడంగా ఉండాలి. కుండీల విషయంలో మరో చిక్కు ఉంది. నేరుగా ఎండ పడే నల్లని ప్లాస్టిక్ కుండీలో మట్టి, గాలి కంటే చాలా ఎక్కువగా వేడెక్కి, ఎండ వైపు వేళ్లను ఉడికిస్తుంది. మట్టికుండీ గోడల గుండా నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది గాని, ఆ మేరకు త్వరగా ఆరిపోతుంది కూడా. కుండీలను విడివిడిగా పెట్టకుండా దగ్గరగా చేర్చి, పెద్ద ఆకుల మొక్క నీడ చిన్న కుండీల మీద పడేటట్టు అమర్చడం ఖర్చు లేని ఉపాయం. పూర్తిగా ఎండిన కుండీమట్టి నీటిని సరిగా పీల్చుకోకుండా అంచుల వెంట జార్చేస్తుంది. అటువంటి కుండీని కాసేపు నీళ్ల తొట్టిలో ఉంచి నాననివ్వాలి.

చీడపీడల గురించి మీ వ్యాసం చాలానే చెప్పింది, అందులో చాలా వరకు సరైనదే. ఒక్క సవరణ: బూడిద తెగులుకు ఆకు తడవడమే కారణమన్నది నిజం కాదు. ఆకు మీద నీరు లేకుండానే, రాత్రి గాలిలో తేమ ఎక్కువగా ఉండి గాలి ఆడని గుబురులో అది వ్యాపిస్తుంది. జిన్నియాలను ఎడంగా నాటడమే దానికి మంచి నివారణ. ఎర్రనల్లి మాత్రం పొడి వేడిలో పెరుగుతుంది; ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో తరచూ కడిగితే చాలా వరకు అదుపులో ఉంటుంది.

మరో మాట, పూలు కొనేవారి కోసం. రేకలు కిక్కిరిసిన ముద్దపూల రకాలు చాలా వాటిలో కేసరాలు రేకలుగా మారిపోయి ఉంటాయి గనుక తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ వాటిలో పుప్పొడి గాని మకరందం గాని అంతగా దొరకదు. వేసవి చివర బయట పూలు కరవైన రోజుల్లో మడిలో కొన్ని ఒంటిరేక రకాలైనా ఉంచడం వాటికి ఉపకారం. ముద్దబంతి అందం నేను కాదనను. డాలియాల మీదనే నాకు మొదటి నుంచి మోజు లేదు, అంత బరువైన పువ్వును మోయలేక కర్రకు కట్టించుకొనే మొక్కను చూస్తే జాలి వేస్తుంది.

ఇకపై మీ పుటలో నెలల పట్టికకు బదులుగా, ప్రతి మొక్క పేరు ఎదుట దానికి రోజుకు ఎన్ని గంటల నేరుఎండ కావాలో, చిన్న పగళ్లకు పూసేదో కాదో, మట్టి ఆరనివ్వాలో తడిగా ఉంచాలో ముద్రించవలసిందిగా కోరుతున్నాను. ఇవి ఏ ఊరివారికైనా పనికివచ్చే వివరాలు. అలాగే, పసిపిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇళ్లకు కలాడియం, క్రోటన్, బిళ్ళగన్నేరులను సూచించేటప్పుడు హెచ్చరిక తప్పకుండా ఉండాలి. కలాడియం ఆకు నమిలితే అందులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటినీ గొంతునూ మంట పుట్టించి వాచేలా చేస్తాయి. క్రోటన్ రసం చర్మానికి దురద కలిగిస్తుంది. బిళ్ళగన్నేరు మొక్క అంతా విషపూరితం. మీ వ్యాసం ఈ మూడింటిలో రెండింటిని పిల్లల గది కిటికీ దగ్గర పెట్టుకోమన్నది. ఈ ఒక్క సవరణనైనా వచ్చే సంచికలోనే ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు